పందెం బండికి తలంటు

"ముందు చక్రం కొట్టుకుంటోంది, హ్యాండిల్ చేతుల్లో నిలవటం లేదు" అంటూ మోటారు సైకిలు తోసుకొచ్చినవాళ్ళను నేను మొదట అడిగే ప్రశ్న ఒకటుండేది.

"మీ ఇంట్లో ఈ బండిని ఎవరు తుడుస్తారు?"

చాలామంది నా మొహం వంక చూసి, ఈయనకు మతి చలించిందేమో అనుకునేవాళ్ళు. టైరు నొక్కడు, స్పోకులు తట్టడు, బండి తుడిచేవాళ్ళ సంగతి ఈయనకెందుకు? ఇప్పుడు మీ స్పోర్ట్సు బళ్ళకు ఏ రోగమొచ్చినా వైరు తగిలిస్తే తెర మీద అక్షరాలు పడతాయట. మంచిదే. కానీ ఏ తెర మీదా ఈ ప్రశ్న పడదు. దీన్ని నాకు నరసరావుపేటలో ఒక పశువుల డాక్టరుగారి బంట్రోతు నేర్పాడు. నేర్పాలని నేర్పలేదు పాపం. ఆ కథే ఇది.

యుద్ధం అయిపోయి, దొరలు మూటాముల్లె సర్దుకుంటున్న రోజులవి. బొగ్గుతో నడిచే బస్సులు రోడ్ల మీద ఇంకా దగ్గుతూనే ఉన్నాయి. నేను పని చేసే బస్సుల షెడ్డు స్టేషనుకు పోయే దారిలో ఉండేది. పైన రేకులు, కింద నాపరాళ్ళు, ఎండాకాలంలో రెండూ కలిసి మమ్మల్ని రొట్టె కాల్చినట్టు కాల్చేవి. మా మేస్త్రి సాయిబు. ఇంజను చప్పుడు విని రోగం చెప్పగలడని మాచర్ల దాకా పేరు. ఆయనకు ఎంత పేరుందో అంత పట్టుదల కూడా ఉంది. కడగని బండి మీద చెయ్యి వెయ్యడు. ఏ భాగానికి రోగమొచ్చినా సరే, ముందు ఆ భాగం మొత్తం విప్పి కిరసనాయిలు తొట్లో ముంచి, బ్రష్షుతో రుద్ది, గుడ్డతో తుడిచి, ఎండలో ఆరబెట్టి, ఆ తర్వాతే చూపు.

"మురికి మీద చూస్తే మురికే కనిపిస్తది. వైద్యుడు ముందు నాలుక తుడిపించి చూస్తాడా లేదా?" అనేవాడు.

ఏ వైద్యుడూ నాలుక తుడిపించి చూడడని నాకు తెలుసు. కానీ మేస్త్రితో వాదన పెట్టుకుంటే మధ్యాహ్నం టీ తెప్పించడు.

నాకు అప్పటికే రోజూ డైరీ రాసే జబ్బు ఉంది. ఆ డైరీలు ఇప్పటికీ ఉన్నాయి. ఈ బండి గురించి అందులో మూడు చోట్ల రాశాను. గుండ్రటి అక్షరాలు, కొట్టివేతలు లేవు, చూడటానికి ముచ్చటగా ఉంటుంది. మూడూ తప్పే.

డాక్టరుగారు బక్కపలచటి మనిషి. ఆదివారం చర్చికి వెళ్ళేటప్పుడు తప్ప ఖాకీ నిక్కరు విడిచేవారు కాదు. మద్రాసులో ఒక దొర ఊరు విడిచి పోతూ అమ్మిన మోటారు సైకిలు కొనుక్కొచ్చారు. సన్నగా, పొడుగ్గా, హ్యాండిల్ కిందికి దిగి ఉండేది. ముందుకు వంగి కూర్చుంటే గాని అందదు. ఆ దొర దాన్ని పందేలకు వాడేవాడట. ఊళ్ళో అందరూ దాన్ని పందెం బండి అనేవాళ్ళు. డాక్టరుగారు దాన్ని పందేనికి కొనలేదు. కారెంపూడి దాటి అడివి వైపు ఉన్న పల్లెలకు బస్సు లేదు, రైలు లేదు. అక్కడ పశువులకు పెద్దరోగం వచ్చిందంటే దొడ్డికి దొడ్డి ఖాళీ అయ్యేది. దానికి టీకా మందు గుంటూరు నుంచి మంచుగడ్డల్లో పెట్టి రైల్లో వచ్చేది. మంచు కరిగేలోపు మందు ఊరు చేరాలి. కరిగిందా, ఆ మందు నీళ్ళతో సమానం. ఎద్దుల బండి మీద పోతే మంచు సగం దారిలోనే నీరయ్యేది. అందుకని డాక్టరుగారికి వేగం కావాలి.

ఆ వేగం దగ్గరే వచ్చింది తంటా.

"నెమ్మదిగా పోతే పాలు తాగే దూడలాగా ఉంటుందయ్యా. నలభై మైళ్ళ వేగం దాటిందంటే, పొగరుబోతు కోడె ముకుతాడు లాగినప్పుడు తల విదిలిస్తుంది చూడు, అట్లా విదిలిస్తుంది హ్యాండిల్. రెండు చేతులతో అదిమినా నిలవదు" అన్నారు మొదటిసారి షెడ్డుకు వచ్చినప్పుడు.

మేస్త్రి ముందు భాగమంతా విప్పించాడు. ముంచాం, రుద్దాం, ఆరబెట్టాం. చక్రం తిప్పి చూస్తే కాస్త వంకర. స్పోకులు సరిచేశాం. కోటప్పకొండ రోడ్డు మీద మేస్త్రి తనే నడిపి చూశాడు. లుంగీ ఎగ్గట్టి, టోపీ జేబులో పెట్టుకుని, దుమ్ము లేపుకుంటూ వెళ్ళి వచ్చాడు. హ్యాండిల్ కదల్లేదు, బండరాయి.

"స్పోకులు" అన్నాడు మేస్త్రి. డైరీలో అదే రాశాను.

కొన్ని వారాలు గడిచాక బండి మళ్ళీ వచ్చింది. మళ్ళీ విప్పాం, ముంచాం, రుద్దాం. ఈసారి హ్యాండిల్ తిరిగే చోట బేరింగు గుండ్లు అరిగినట్టు కనిపించాయి. మార్చాం. కోటప్పకొండ రోడ్డు. బండరాయి. "గుండ్లు" అన్నాడు మేస్త్రి. మూడోసారి టైరు. డైరీలో వరసగా స్పోకులు, గుండ్లు, టైరు. ప్రతిసారీ రోగం కుదిరినట్టే కుదిరి, మళ్ళీ తిరగబెట్టేది. మా రోడ్డు మీద అది ఒక్కసారి కూడా తల విదిలించలేదు. మెకానిక్కులైన మీకు నేను చెప్పక్కర్లేదు. మన ముందు మంచిగా ఉండి ఇంటికి పోయాక అల్లరి చేసే బండి అంత అవమానం ఇంకోటి లేదు.

డాక్టరుగారి బంట్రోతు గురజాల వైపు మనిషి. వయసులో ఎడ్లబండి తోలి, తర్వాత సర్కారు కొలువులో చేరాడు. బండి వెనక సీటు మీద మందుల పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది ఆయనే. నేను బాబాయ్ అని పిలిచేవాణ్ణి. మూడోసారి బండి అప్పజెప్పేటప్పుడు నన్ను పక్కకు పిలిచాడు.

"అబ్బాయా, ఒక మాట చెప్తా, నవ్వమాక. ఇది అమావాస్య రోగం."

"అదేంది బాబాయ్?"

"నేను కనిపెట్టి చూశా. అమావాస్య ఎళ్ళిందంటే చాలు, తల ఇదిలించటం మొదలుపెడతది. ఆ దొర యాడ పడి చచ్చాడో, ఏం గాలి దీనికి పట్టించి పోయాడో."

"దొర చావలేదు. ఓడెక్కి వాళ్ళ దేశం పోయాడు."

"ఓడలో చావకూడదా?" అన్నాడు బాబాయ్.

మేస్త్రికి చెబితే పకపకా నవ్వాడు. "అరె, అమావాస్యకి బండి ఊగితే, పున్నమికి పాట పాడుద్దా?" అని, బాబాయ్‌ని పిలిచి, "అదంతా పక్కన పెట్టు. కందెన సరిగ్గా పెడుతున్నావా లేదా?" అని అడిగాడు.

"నా చేతిలో ఉన్న బండికి కందెన తక్కువయ్యే మాటే లేదు మేస్త్రీ. ఆరు నూరైనా తప్పను."

"శభాష్" అన్నాడు మేస్త్రి.

ఇద్దరూ తృప్తిగా విడిపోయారు. మా షెడ్డులో డబ్బాల్లో వచ్చే ఇంగ్లీషు గ్రీజును కూడా కందెన అనే అనేవాళ్ళం. ఆ మాట దగ్గర ఆగి, ఏం కందెన, ఎక్కడ పెడుతున్నావు అని మేమెవరం అడగలేదు.

తిరునాళ్ళు వెళ్ళి ఎండలు ముదిరాయి. ఒకరోజు డాక్టరుగారు మోచేతికి గుడ్డ కట్టుకుని వచ్చారు. కారెంపూడి ఇవతల హ్యాండిల్ ఒక్కసారిగా కొట్టుకుని బండి పక్కకు పడిపోయింది. ఇద్దరికీ గీరుకుపోయింది గాని ఎముకలు దక్కాయి. మంచులో మందు పెట్టిన థర్మాస్ ప్లాస్కు మాత్రం పగిలిపోయింది. ఆ మందు కోసం ఎదురు చూసిన ఊళ్ళో ఆ వారం ఎన్ని పశువులు పోయాయో ఆయన చెప్పలేదు.

"గుంటూరుకు మళ్ళీ తంతి కొట్టాను. పొద్దుటి రైలుకు మందు వస్తుంది. రోగం పక్క ఊళ్ళకు పాకుతోంది. ఈసారి కూడా చేరకపోతే ఇక మందుతో పని ఉండదు. మీరు బాగుచేశామంటే ఈ బండి మీద పోతాను. నమ్మకం లేకపోతే ఇప్పుడే చెప్పండి, ఎద్దుల బండి మాట్లాడుకుంటాను. చేరితే చేరుతుంది, లేకపోతే లేదు" అన్నారు.

మేస్త్రి మొహంలో నవ్వు లేదు. "మూడుసార్లు బాగుచేశానని చెప్పా డాక్టరుగారూ. నాలుగోసారి చెప్పటానికి నోరు రావట్లేదు. పొద్దున్నే బండి పంపండి. చూసి చెప్తా."

మర్నాడు తెల్లవారగానే బాబాయ్ బండి తోసుకొచ్చాడు. డాక్టరుగారు స్టేషనుకు వెళ్ళారు. మేస్త్రి చొక్కా చేతులు పైకి లాక్కుని, "తొట్టి తీసుకురా" అన్నాడు.

తొట్టి తెచ్చాను. అందులో కిరసనాయిలు లేదు. ఆ నెల కోటా అయిపోయింది. అంగట్లో అడిగితే దీపాలకే లేదు, మీ ఇనపముక్కలకు ఎక్కడిదన్నారు. ఆ సంగతి ముందు రోజే మేస్త్రికి చెప్పాను. డాక్టరుగారి మోచెయ్యి చూసిన గాభరాలో ఆయన వినలేదు.

"కడగకుండా నేను ముట్టను" అన్నాడు మేస్త్రి.

"డాక్టరుగారు మంచుపెట్టెతో వచ్చేస్తారు మేస్త్రీ."

"వస్తే రానీ. మురికి మీద నాకు ఏం కనపడుద్ది?"

"అట్టయితే నన్ను విప్పనియ్యండి. మీరు ముట్టొద్దు, చూస్తా కూర్చోండి."

మేస్త్రి కాసేపు గడ్డం గోక్కున్నాడు. తర్వాత పీట లాక్కుని కూర్చుని, ఆ దరిద్రం చూడలేనన్నట్టు మొహం సగం అటు తిప్పి, "కానియ్" అన్నాడు.

ఇక్కడ ఒక్క వస్తువు గురించి మాత్రం చెప్పాలి. ఆ బండి హ్యాండిల్ మధ్యలో ఒక నల్లటి పిడి ఉండేది. దాని కింద చక్కిలాల్లాంటి బిళ్ళలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. పిడి తిప్పితే అవి బిగుసుకుని ఒకదానినొకటి ఒరుసుకుంటాయి. ఆ రాపిడి వల్లే హ్యాండిల్ కుదురుగా ఉంటుంది. పందేల బండి కాబట్టి దాని హ్యాండిల్ బాగా తేలిక. వేగంలో ఆ పట్టు లేకపోతే చిన్న గుంతకే తల విదిలించేస్తుంది. ఇంతకుముందు మూడుసార్లూ ఆ బిళ్ళలు కూడా తొట్లో మునిగి, శుభ్రంగా ఆరి, మెరుస్తూ మా చేతికొచ్చాయి. ఏ లోపం లేదు.

పిడి విప్పి మొదటి బిళ్ళ పైకి తీశాను. వేళ్ళ మధ్య నుంచి జారి కింద పడింది. వంగి తీస్తే మళ్ళీ జారింది. చెయ్యి చూసుకుంటే కాటుక పూసినట్టు నల్లగా, జిడ్డుగా ఉంది. వాసన చూశాను. మా గ్రీజు వాసన కాదు. ఎక్కడో తెలిసిన వాసన.

"మేస్త్రీ, ఇట్టా చెయ్యి పట్టండి."

"ముట్టనన్నానా లేదా?"

"ముట్టొద్దు. వాసన చూడండి."

మేస్త్రి ముక్కు దగ్గర పెట్టాను. ఆయన కళ్ళు మూసుకున్నాడు, తెరిచాడు. "ఆముదం. ఆముదం, గడ్డి మసి. ఇది ఎడ్లబండి ఇరుసుకి పెట్టే కందెనరా!"

ఇద్దరం ఒకేసారి బాబాయ్ వంక చూశాం. ఆయన కాళ్ళు చాపుకుని చుట్ట ముట్టించుకుంటున్నాడు.

"నేనే ఏసింది" అన్నాడు, మెచ్చుకుంటారేమోనని చూస్తూ. "మా చేత్తో కాచిన ఆముదం. అంగడి సరుకు కాదు."

"ఎందుకు ఏశావయ్యా ఇందులో?"

"ఎందుకేంది మేస్త్రీ! వరండాలో నుంచి దింపేటప్పుడు ఆ పిడి కాడ కిర్రుమంటది. బండికి ఏడ కిర్రుమంటే ఆడ కందెన. నాకు మీసాలు రాకముందు నుంచీ అదే పని. అమావాస్య నాడు ఎడ్లకి కాడి కట్టం గదా, ఆ పూటే బండి కడిగి కందెన ఏసుకుంటాం. ఇప్పుడు ఎడ్లు లేకపోతేనేం, బండి బండే గదా. కోడి ఈకతో సందుల్లోకి బాగా పోయేట్టు పెడతా."

"ప్రతి అమావాస్యకా?"

"ఒక్కటి తప్పితే ఒట్టు."

మేస్త్రి పీట మీద నుంచి లేచాడు. తిడతాడేమో అనుకున్నాను. ఆయన గోడకు చెయ్యి ఆనించి, భుజాలు కదిలిపోయేట్టు నవ్వటం మొదలుపెట్టాడు. "మూడుసార్లు! మూడుసార్లు నేనే కడిగి బాగుచేశాను, కడిగిన సంగతి వదిలేసి స్పోకులని చెప్పుకున్నా! ఒరేయ్, మనం కడుగుతున్నాం, ఈయన పూస్తున్నాడు. ఇదీ మన వైద్యం!"

బాబాయ్‌కి నవ్వుకు కారణం అర్థం కాలేదు. నేను కూర్చుని చెప్పాను. ఇది ఇరుసు కాదు, ఇది ఒరుసుకోవాలి, కిర్రుమనటమే దీని పని, నూనె పడితే పట్టు పోతుంది, పట్టు పోతే తల విదిలిస్తుంది. ఆయన చుట్ట ఆరిపోయింది. మొహం నల్లబడింది.

"అంటే మొన్న డాక్టరుగారు పడింది నా వల్లనా?"

నేను మిగిలిన బిళ్ళలు తీసి నాపరాయి మీద పెట్టాను.

"కిర్రుమనే బండి తోలేవాడికి మావైపు పిల్లనియ్యరు అబ్బాయా" అన్నాడు మెల్లగా. "కిర్రుమంటా ఉంటే చూస్తా ఊరుకోవటం ఎట్టా?"

అంతలో స్టేషనులో రైలు కూత వినిపించింది. మేస్త్రి నవ్వు ఆపేశాడు. "మాటలు తర్వాత. ఆముదం దేనికి పోద్ది? కిరసనాయిలు లేదు."

బాబాయ్ లేచి నిలబడ్డాడు. "ఆముదం పెట్టిన తల దేనితో రుద్దుతారు మేస్త్రీ? కుంకుడుకాయలతోనే గదా!"

అప్పటికప్పుడు ఎదురింటి పిన్నిగారి దగ్గరకు పరుగెత్తాను. ఆవిడ గుప్పెడు కుంకుడుకాయలు చేతిలో పెడుతూ, "ఇయ్యాల శుక్రవారం కాదు, శనివారం కాదు, ఎవరికయ్యా తలంటు?" అంది.

"పందెం బండికి పిన్నిగారూ."

"దానికి తల యాడుంది?"

"అది తల ఆడిస్తుందనే గదా ఈ తంటా" అని వేణ్ణీళ్ళు కూడా అడిగి పట్టుకొచ్చాను.

మా షెడ్డు చరిత్రలో అలాంటి పని అంతకుముందు జరగలేదు, తర్వాతా జరగలేదు. బాబాయ్ కుంకుడుకాయలు రాతి మీద చితక్కొట్టి, వేణ్ణీళ్ళలో పిసికి నురుగు తీశాడు. ఒక్కొక్క బిళ్ళనూ అరచేతిలో పెట్టుకుని చంటిపిల్ల తల రుద్దినట్టు రుద్దాడు. నల్లటి నురుగు నాపరాళ్ళ మీద పారింది. మళ్ళీ బూడిదతో తోమాడు. నేను బిళ్ళల కింద మిగిలిన జిడ్డంతా గుడ్డతో తుడిచాను. బిళ్ళల్ని ఎండలో రేకు మీద పరిచాం. ఆ రేకు మీద అప్పటికే గుడ్డు పగలగొడితే వేగేట్టుంది. డాక్టరుగారు మంచుపెట్టెతో వచ్చేసరికి బిళ్ళలు ఎముకల్లాగా ఎండాయి.

మేస్త్రి ఆయనకు సంగతి చెప్పాడు. డాక్టరుగారు బాబాయ్ వైపు తిరిగారు. "నెలనెలా పాపం ఎంత శ్రద్ధగా చంపబోయావయ్యా నన్ను!" అన్నారు. బాబాయ్ తల వంచుకున్నాడు. డాక్టరుగారే మళ్ళీ, "సర్లే, మందుల పెట్టె ఎవరు పట్టుకుంటారు, నువ్వు కాకపోతే? తుండుగుడ్డ చుట్టుకో, ఎండగా ఉంది" అన్నారు.

ముందు మేస్త్రి కోటప్పకొండ రోడ్డు మీదకు పోయి వచ్చాడు. హ్యాండిల్ బండరాయి. అది మాకు కొత్తేమీ కాదు గాని, ఈసారి బండరాయి ఎందుకయిందో తెలుసు. ఆయన బండి తిప్పుకుంటుంటే పిడి దగ్గర కిర్రుమంది. బాబాయ్ పళ్ళు గిట్ట కరిచాడు.

"ఈసారి చెప్తున్నా డాక్టరుగారూ" అన్నాడు మేస్త్రి. "ఎంత వేగంలో అయినా పోండి."

వాళ్ళు వెళ్ళిపోయారు. ఆ రోజు మా షెడ్డులో ఏ పని చేశామో నాకు గుర్తు లేదు. మేస్త్రి రోడ్డు వైపు చూడనట్టు నటిస్తూ, ప్రతి మోటారు చప్పుడుకూ తల తిప్పాడు.

మర్నాటి సాయంత్రం తిరిగొచ్చారు. ఇద్దరూ తెల్లటి దుమ్ములో సున్నం బొమ్మల్లా ఉన్నారు. డాక్టరుగారు బండి దిగకుండానే, "యాభై దాటించానయ్యా. తల కాదు, చెవి కూడా కదిలించలేదు" అన్నారు. బాబాయ్ చెప్పింది ఇంకొంచెం ఎక్కువ. ఊళ్ళో పెట్టె మూత తెరిచేసరికి మంచు ముక్కలు ఇంకా గలగలమంటున్నాయట. పొద్దువాలే లోపల ఊరి పశువులన్నిటికీ సూదులు పడ్డాయి. పొద్దున్నే లేచి పక్క పల్లెకు కూడా పోయి, మిగిలిన మందు అక్కడి పశువులకు పొడిచారు. ఒక ముసలమ్మ తన ఆవుకు మందు సరిపోతుందో లేదోనని వరసలో నిలబడకుండా ఆవుతో సహా డాక్టరుగారి ముందుకు దూరిందట. ఆ రెండు ఊళ్ళతో రోగం ఆగిపోయింది. అవతలి పల్లెలకు పాకలేదు.

"దారంతా కిర్రు కిర్రు" అన్నాడు బాబాయ్. "చెవుల్లో దూది పెట్టుకున్నా. అయినా ఓర్చుకున్నా అబ్బాయా."

తర్వాతి అమావాస్యకు బాబాయ్ ఒక్కడే నడుచుకుంటూ షెడ్డుకు వచ్చాడు. డాక్టరుగారు బండిని గదిలో పెట్టి తాళం వేసి, చెవి తన దగ్గరే ఉంచుకున్నారట.

"చేతులు ఊరుకోటల్లేదు మేస్త్రీ. ఏదన్నా ఉంటే చూపించండి, కందెన ఏసి పోతా."

మేస్త్రి ఆయనకు ఒక పాత బస్సు అప్పగించాడు. బాబాయ్ తలుపు బందుల దగ్గర మొదలుపెట్టి ఒక్కోటీ కదిలించి చూసి, "మేస్త్రీ, ఇది కిర్రుమనాల్నా, ఊరుకోవాల్నా?" అని అడగటం, మేస్త్రి "ఊరుకోవాలి" అంటే కోడి ఈక తియ్యటం. సీటు కమ్ములు, కిటికీ చట్రాలు, నిచ్చెన. ప్రతిదానికీ అదే ప్రశ్న. బ్రేకు పెడలు దగ్గరకు వచ్చేసరికి మేస్త్రి పనిముట్లు వదిలేసి పరుగెత్తుకొచ్చి, దాని ముందు అడ్డంగా గొంతుక్కూర్చున్నాడు.

కూర్చోవటంలో ఆయన మోకాలు గట్టిగా కిర్రుమంది.

బాబాయ్ ఈక చేత్తో పట్టుకుని ఆ మోకాలి వంకా, ఆయన మొహం వంకా చూశాడు.

"మేస్త్రీ, మరి ఇదో?"